గోదాట్లో పోయిన గుమ్మం

మా అల్లుడు పోయిన నెల మా ఫ్లాటు తలుపుకి ఒక కెమెరా బెల్లు బిగించి వెళ్ళాడు. గుమ్మం ముందు ఎవరు నిలబడినా నా ఫోను టింగుమని, "మీ తలుపు దగ్గర ఎవరో ఉన్నారు" అంటుంది. పాలబ్బాయి వస్తే అంటుంది. పావురం వాలితే అంటుంది. ఎదురింటాయన చెప్పులు విడుస్తుంటే అంటుంది. నేనే కూరగాయల సంచీతో తిరిగొచ్చి తాళం తీసుకుంటూ ఉంటే, నా చేతిలో ఉన్న ఫోనే నా మీద నాకు చాడీలు చెబుతుంది. ఇంత అనుమానం ఏ వస్తువుకీ మంచిది కాదు. కానీ ఇలాంటిది మా నానమ్మ కాలంలో ఉండి ఉంటే ఆవిడ దీన్ని ఒక్క రోజులో ఉద్యోగంలోంచి తీసేసేది. ఆవిడ బ్యాటరీ లేకుండానే ఇంతకన్నా బాగా పనిచేసేది.

ఆ ఫోనుకే మొన్న ఒక ఫోటో వచ్చింది. మా మేనకోడలు గోదావరి ఒడ్డున కొత్తగా పెట్టిన రిసార్టుకి వెళ్ళి పంపించింది. పచ్చిక మధ్యలో ఒక పాత టేకు ద్వారబంధం ఒంటరిగా నిలబెట్టారు. దానికి అటు గోడ లేదు, ఇటు గోడ లేదు, వెనకాల ఇల్లు లేదు. అందులో నిలబడి ఫోటోలు తీసుకోవాలట. పిల్ల ఒక చెయ్యి ద్వారబంధానికి ఆనించి, గడప మీద ఒక కాలు పెట్టి నవ్వుతోంది. మోకాలెత్తులో ఎడమవైపు ఒక చెక్కుడు చిలక కనిపిస్తోంది. కుడివైపు కూడా ఒకటి ఉండాలి. దాన్ని పిల్ల చున్నీ కప్పేసింది.

ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చేసి, చివరికి నాకు మిగిలింది చున్నీ మీద పువ్వు. అప్పుడు కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, చాలాసేపు ఆ శీతాకాలం గురించి ఆలోచించుకున్నాను.

మా నానమ్మ అనుమానాల్లో పక్షపాతం ఉండేది కాదు. పాలల్లో నీళ్ళున్నాయని ఎవరైనా అనుమానిస్తారు. మా నానమ్మ నీళ్ళని కూడా అనుమానించేది. ఏ ఊరు వెళ్ళినా ఇత్తడి మరచెంబులో ఇంటి నీళ్ళు పోసి, మూత మర బిగించి, దాన్ని ఒళ్ళో పెట్టుకు కూర్చునేది. డాక్టరు నాడి చూస్తూ గోడ గడియారం వైపు చూశాడని, "ఇంటికెళ్ళే తొందరలో ఉన్నాడు, వీడి మందు నాకొద్దు" అని లేచొచ్చేసింది. బస్సు కండక్టరు నవ్వుతూ టిక్కెట్టిస్తే దాన్ని వెలుతురుకి పెట్టి చూసేది. నవ్వకుండా ఇచ్చినా చూసేది.

ఇంత అనుమానపు మనిషీ జీవితంలో ఒక్క మాట మాత్రం చెప్పింది చెప్పినట్టు నమ్మింది. తన పుట్టిల్లు గోదాట్లో పోయిందన్న మాట. చెప్పింది సొంత తమ్ముడు. నేను తాతయ్య అనేదాన్ని.

వాళ్ళది లంకలో ఇల్లు. చుట్టూ గోదావరి, మధ్యలో అరటితోటలు, ఆ తోటల మధ్య టేకు కర్రతో కట్టిన మండువా ఇల్లు. తాతయ్య కొడుకు అన్నప్రాసనకి నానమ్మ అక్కడికి వెళ్ళింది. మేనత్త కదా, ఇంటి ఆడపడుచు కదా, మొదటి బంతిలో వడ్డించాలి. సరిగ్గా విస్తళ్ళు వేసే సమయానికి తాసీల్దారుగారు పడవ దిగారు. ఆయన్నీ, ఆయన గుమాస్తానీ, ఆయన బంట్రోతునీ మొదటి బంతిలో కూర్చోబెట్టేసరికి నానమ్మకి రెండో బంతిలో చోటొచ్చింది. నానమ్మ అందులో కూర్చోలేదు. గుమ్మం దాటి, వెనక్కి తిరిగి, "ఈ గడప మళ్ళీ తొక్కితే ఒట్టు" అనేసి పడవెక్కేసింది. అన్నం తినకుండా వచ్చిందని ఊరంతా బాధపడింది. బూరెలు మాత్రం కొంగున కట్టుకొచ్చిందని మా తాత, అంటే ఆవిడ భర్త, నాకు రహస్యంగా చెప్పాడు.

అలాగని అక్కాతమ్ముళ్ళకి మాటలు లేకుండా పోలేదు. తాతయ్య నెలకోసారి అరటిగెల భుజాన వేసుకుని మా ఊరు వచ్చేవాడు. నానమ్మ పీట వేసి వడ్డించేది. ఆయనొక్కడే తింటున్నా, నెయ్యి వేస్తూ, "ఇది మొదటి బంతేరా" అని గుర్తుచేసేది. ఆయన తల వంచుకుని తినేవాడు. ఒట్టు తమ్ముడి మీద కాదు, గడప మీద. తేడా వాళ్ళిద్దరికీ బాగా తెలుసు.

పదకొండేళ్ళు అలా గడిచాక ఒక వరదల్లో గోదావరి గట్టు కోసుకుంటూ ఇంటిదాకా వచ్చింది. ఒకరోజు తాతయ్య బురద పంచెతో మా అరుగు మీదికొచ్చి కూలబడి, "గోదాట్లో పోయిందక్కా. పుల్ల మిగల్లేదు" అన్నాడట. నానమ్మ రెండు రోజులు ఏడ్చిందట. ఆ తర్వాత తాతయ్య మా ఊరికి దగ్గర్లోనే పెంకుటిల్లు వేసుకున్నాడు. నానమ్మ దానికి హాయిగా వెళ్ళొచ్చేది. ఆ గడప మీద ఒట్టేమీ లేదు కదా.

ఇదంతా నాకు ఊహ తెలియకముందు. నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, చలికాలం మొదట్లో, నరసాపురం నుంచి లేసు అల్లికలు అమ్మే ఒకావిడ మా ఇంటికి వచ్చింది. గుమ్మానికి వేలాడదీసే లేసు తోరణం విప్పి చూపిస్తూ, ఏదో మాటకి మాటగా అంది:

"ఇలాంటివి మా వైపు షావుకారుగారి మేడలో ప్రతి గుమ్మానికీ ఉండేవండీ ఒకప్పుడు. ఇప్పుడు ఆ మేడలో గబ్బిలాలే. గుమ్మాలు మాత్రం చూసి తీరాలండీ. ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకదానికైతే రెండు చిలకలు."

"చిలకలు పైనా, కిందా?" అంది నానమ్మ.

"కిందేనండి. ఇదిగో, ఈ పాప మోకాలెత్తులో."

"గుమ్మానికి చిలకలు కింద పెడతారా ఎవరైనా?"

"అదేనండి నేనూ అనుకున్నాను. పిల్లలు ఆడుకోడానికేమో అన్నారు మా ఆయన."

నానమ్మ బేరం ఆడకుండా తోరణం కొనేసింది. ఇంట్లో అందరూ ఆవిడకి జ్వరం అనుకున్నారు.

నాలుగు రోజుల తర్వాత మా బాబాయికి చరిత్ర మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారు. అంతవరకూ చరిత్రని ప్రశ్న జవాబుల్లోనే చూశాడు. ఇప్పుడు, "క్రిస్మస్ సెలవుల్లో పాత కట్టడాలు చూసొద్దాం, పిల్లకి జ్ఞానం వస్తుంది" అన్నాడు. ఆ ఆలోచన తనదేనని ఆయన పోయేదాకా నమ్మాడు. నిజానికి నానమ్మ మూడు రోజులపాటు ఆయనకి పెరుగన్నం పెడుతూ, "మన చుట్టూ ఎన్ని మేడలు కూలిపోతున్నాయో, చూసినవాడేడీ" అని నిట్టూర్చింది. తర్వాత, "మీ మావయ్యని కూడా పిలు. పాపం, వాడికి పాత ఇళ్ళంటే ఇష్టం" అంది.

మండపేట రైసు మిల్లులో బాబాయి స్నేహితుడొకడు పనిచేసేవాడు. అతని పుణ్యమా అని మిల్లు వ్యాను, దాని డ్రైవరు ఒక రోజుకి దొరికారు. వ్యానులో సీట్లు లేవు, తవుడు బస్తాలున్నాయి. తెల్లవారుజామున వాటి మీద దుప్పటి పరిచి కూర్చున్నాం. పొగమంచులో కుప్పలు వేసిన వరి చేలు, కాలవ గట్టు మీద ఎవరో కాచుకుంటున్న గడ్డిమంట వాసన, దాని మీద తవుడు వాసన. ఇప్పటికీ ఎక్కడైనా తవుడు వాసన తగిలితే నాకు ఏదో చారిత్రక కట్టడం చూడబోతున్నట్టుంటుంది.

క్యారేజీలో పులిహోర, దద్దోజనం. చేతిసంచీలో ఉడికించిన తేగలు. నానమ్మ ఒళ్ళో మరచెంబు. తాతయ్య ఎదురుగా మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడికి వెళ్తున్నామో బాబాయి చదివి వినిపించాడు: డచ్చివాళ్ళు కట్టారని చెప్పే గిడ్డంగి, లాకుల దగ్గర తెల్లదొర బంగళా, ఆపైన షావుకారుగారి మేడ.

మూడోది వినగానే తాతయ్య మఫ్లరు విప్పాడు.

"ఆ మేడ ఎందుకురా? అక్కడేం లేదు, పాములు తప్ప."

"మీరు చూశారా మావయ్యా?"

"చూడలేదు. పాములున్నాయని తెలిశాక ఎవరు చూస్తారు?"

వంతెన మీద వ్యాను రొద పెరిగాక నానమ్మ నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది: "ఆ మేడలో చిలకల గుమ్మం ఉంటుంది. కుడి చిలక్కి ముక్కుందో లేదో చూసి నాకొక్కదానికే చెప్పు."

"నువ్వే చూడచ్చుగా?"

"నేను వంగి చూస్తే వాడికి అనుమానం వస్తుంది."

"ఎటునుంచి కుడి?"

"లోపలికెళ్ళేవాళ్ళ కుడి. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడుతూ నేనే కొట్టాను, బిళ్ళ తగిలి ముక్కు ఊడింది. మా నాన్న బెత్తం తీశాడు. వీడు ఐదేళ్ళవాడు, ముందుకొచ్చి 'నేనే' అన్నాడు. దెబ్బలు వాడు తిన్నాడు." మరచెంబు సర్దుకుని, "అందుకే నమ్మాను" అంది.

ఆ చివరి మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ముక్కు లేకపోతే ఏమవుతుందో మాత్రం అర్థమైంది. ముక్కు లేకపోతే తాతయ్య అబద్ధం చెప్పినట్టు.

డచ్చి గిడ్డంగి గోడలు రెండు మూరల మందం ఉన్నాయి. కప్పు లేదు. లోపల గేదెలు, గోడల నిండా పిడకలు. బాబాయి టేపు తీసి గోడ కొలవడం మొదలుపెట్టేసరికి చుట్టుపక్కల నుంచి ఆరుగురు వచ్చి నిలబడ్డారు.

"ఏ ఆఫీసండీ?" అన్నాడు ఒకాయన.

"ఆఫీసు కాదండీ, చరిత్ర."

"చరిత్రయితే కొలతలెందుకండీ?"

బాబాయి టేపు చుట్టి జేబులో పెట్టుకునేదాకా వాళ్ళు పిడకల ముందు నిలబడే ఉన్నారు. నానమ్మకి వాళ్ళంటే ఎంతో గౌరవం కలిగింది. గోడ తట్టి చూసి, "ఇంత మందంగా కట్టారంటే లోపల ఏదో దాచారు. లేకపోతే బయటివాళ్ళకి భయపడ్డారు. ఎలా చూసినా మంచివాళ్ళు కాదు" అని డచ్చివాళ్ళ సంగతి తేల్చేసింది.

లాకుల దగ్గర బంగళాలో గోడలోకి కట్టిన చలిమంట పొయ్యి చూసి అందరం ఆశ్చర్యపోయాం. మన దేశంలో, మన గోదావరి పక్కన, ఇంట్లో మంట వేసుకునే చలి ఎవరికి వేసిందో తెలియలేదు. ఆ వరండాలో కూర్చుని పులిహోర తిన్నాం. తాతయ్య ఎప్పుడూ లేనిది మూడుసార్లు వడ్డించుకున్నాడు. తర్వాత నడుం వాలుస్తానన్నాడు. తర్వాత వ్యాను టైరు మెత్తబడిందన్నాడు. డ్రైవరు టైరుని తన్ని చూసి, "రాయిలా ఉందండీ" అన్నాడు. "రాయిలా ఉంటే ఇంకా ప్రమాదం" అన్నాడు తాతయ్య. నానమ్మ మరచెంబు మూత బిగిస్తూ తమ్ముణ్ణే చూస్తోంది. పొద్దున్నించీ అనుమానమే, మధ్యాహ్నానికి అది రుజువు కోసం ఎదురుచూడ్డం మానేసింది.

షావుకారుగారి మేడకి చేరేసరికి మూడు దాటింది. పై వరండాకి వెదురు బద్దలతో చేసిన పెద్ద రంగు కాయితాల నక్షత్రం వేలాడుతోంది. షావుకారుగారి వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. కాపలా ఉండే కుటుంబం క్రిస్మస్‌కి కట్టుకున్నది. ఆ ఇంటావిడ చేతికి పిండితో బయటికొచ్చింది.

"ఏంటండీ, ఎవరు కావాలండీ?"

"చూడ్డానికి వచ్చామండీ. చరిత్ర కోసం" అన్నాడు బాబాయి. ఈసారి టేపు బయటికి తీయలేదు.

"మొన్న వచ్చిన ఇద్దరూ అదే చెప్పారండీ. పొద్దున్న లేచి చూస్తే వెనకాల గదిలో గడప పక్కన గొయ్యి ఉంది."

"మేం అలాంటివాళ్ళం కాదమ్మా."

"వాళ్ళూ అదే అన్నారండీ" అంది ఆవిడ. అయినా మర్యాదస్తురాలు, రమ్మంది. కానీ మా వెనకే నడిచింది.

లేసు ఆవిడ చెప్పింది నిజమే. ఆ మేడలో ఏ గుమ్మమూ ఇంకోదానితో కలవదు. ఒకదానికి తామరపూలు, ఒకదానికి ఏనుగులు, ఒకటి మరీ పొట్టి, ఒకటి గోడకన్నా వెడల్పని గోడే తొలిచి పెట్టారు. కాపలా ఆవిడ చెప్పింది: గోదావరి ఒడ్డున ఇళ్ళు కోతకి గురైనప్పుడల్లా, జనం ఇల్లు జారిపోకముందే కర్ర అంతా విప్పి పడవల మీద తీసుకొచ్చేవారట. పెద్ద షావుకారుగారికి గుమ్మాల పిచ్చి. ఎవరు తెచ్చినా కాదనకుండా తీసుకునేవారట. అంటే అది ఒక మేడ కాదు. ఎవరెవరివో ఇళ్ళన్నీ ఒకచోట నిలబడ్డాయి.

ఆవిడ ఈ మాట చెబుతున్నప్పుడు తాతయ్య పైన నక్షత్రాన్ని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

చిలకల గుమ్మం పక్క వసారాకి ఉంది. ఆకుపచ్చ రంగు నూనె పెయింటు మందంగా వేశారు. నేను పరిగెత్తుకెళ్ళి కూర్చుని చూశాను. కుడి చిలక్కి ముక్కుంది. ఎడమ చిలక్కీ ఉంది. రెండు ముక్కులూ ఎర్రగా, కుదురుగా ఉన్నాయి.

నాకు నిరాశ కలిగింది. పొద్దున్నించీ తవుడు మీద కూర్చుని వచ్చింది ఇందుకా? తల్లోంచి పిన్నీసు తీసి కుడి ముక్కు మొదట్లో కొంచెం గీకాను. ఇంకొంచెం గీకాను. అలవాటు ప్రకారం ఆపాల్సిన చోట ఆపలేదు. ముక్కు ఊడి నా చేతిలోకి వచ్చింది. అది కర్ర కాదు, లక్క. దాని కింద పాత విరుపు, నునుపుగా, ఎన్నో ఏళ్ళు చేతులు తగిలి అరిగినట్టుగా ఉంది.

పిడికిలి మూసి లేచేసరికి ఎదురుగా తాతయ్య. ఆయన నా పిడికిలి వైపు చూశాడు. చిలక వైపు చూశాడు. చేతిసంచీలోంచి ఒక తేగ తీసి, నిలువునా చీల్చి, మధ్యలోని మెత్తటి మొలక నా చేతికిచ్చాడు. దాన్ని మేం చందమామ అనేవాళ్ళం. ఇంట్లో దానికోసం కొట్టుకునేవాళ్ళం. ఆయన ఎప్పుడూ ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

"నానమ్మకి చెప్పకే" అన్నాడు.

నేను చందమామ తిన్నాను. తర్వాత వెళ్ళి చెప్పాను. నాకు తొమ్మిదేళ్ళు. నిజం చెప్పడానికి ఆ వయసు సరిపోతుంది. తిన్నదానికి విశ్వాసం చూపించడానికి ఇంకొన్నేళ్ళు పడుతుంది.

నానమ్మ నా అరచేతిలోంచి లక్క ముక్క తీసుకుని కొంగు చివర ముడి వేసుకుంది. నెమ్మదిగా వసారా మెట్లెక్కింది. గుమ్మానికి ఇవతల, గడపకి జానెడు దూరంలో ఆగింది.

"ఏరా" అంది. "పుల్ల మిగల్లేదన్నావు."

తాతయ్య మఫ్లరు చేతికి చుట్టుకుంటున్నాడు. "ఇల్లు పోయిందక్కా. అబద్ధం కాదు."

"ఇదేంటి మరి?"

"మిగిలిందంటే ఎక్కడుందంటావు. ఇక్కడుందంటే ఎందుకిచ్చావంటావు. ఇచ్చానంటే నాకెందుకు చూపించలేదంటావు. అన్నిటికీ కలిపి ఒకటే చెప్పేశాను."

బాబాయికి అప్పుడు అర్థమైంది, ఇది ఒట్టి చరిత్ర విహారం కాదని. పరిస్థితిని తేలిక చేద్దామని, "సరేలే అమ్మా, దొరికిందిగా. రా లోపలికి" అన్నాడు.

"నాకు ఒట్టుంది."

"ఒట్టు ఇంటి మీదా, చెక్క మీదా?"

"గడప మీద. అదిగో గడప."

"గడప ఊరు మారిందమ్మా. ఇల్లు మారింది. రంగు కూడా మారింది."

"నేను మారలేదుగా" అంది నానమ్మ.

బాబాయి డిగ్రీలో లాజిక్ చదువుకున్నాడు. అక్కడితో ఆపేశాడు.

కాపలా ఆవిడకి ఇంతసేపూ ఒక్కటే కనిపిస్తోంది: ఒక ముసలావిడ గడపని తదేకంగా చూస్తోంది, ఒక పిల్ల పిన్నీసుతో గుమ్మం గీకింది. "అమ్మా, ఆ గడప కింద ఏమీ లేదండీ. మా ఆయన ఎప్పుడో చూసేశాడు" అంది. ఆ తర్వాత తన మాట తనకే వినపడి నాలిక కరుచుకుంది. ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు నాకు నవ్వొస్తోంది.

"ఒట్టంటున్నారు, ఎవరి మీదండీ?" అంది మళ్ళీ.

"గడప మీదమ్మా."

"మా పాస్టరుగారు అసలు ఒట్లే వద్దంటారండీ."

"మీ పాస్టరుగారిని ఎవరైనా రెండో బంతిలో కూర్చోబెట్టారా?"

కాపలా ఆవిడ ఆలోచించి, "లేదండీ, ఆయన్ని మొదట్లోనే కూర్చోబెడతాం" అని ఒప్పుకుంది.

నానమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు ఒట్టేసుకోలేదుగా. తొక్కి రా."

నేను గడప తొక్కి లోపలికి వెళ్ళాను. ఒక చిన్న గది, గోడకి చేరేసిన సైకిలు, మూల కొబ్బరి పీచు.

"ఏముంది?" బయటినుంచి నానమ్మ.

"సైకిలుంది."

"ఎడమపక్క?"

"గోడ."

"ఎడమపక్క అమ్మ గది కదా" అంది. నాకు కాదు. తర్వాత, "ఎదురుగా వెలుగు పడుతోందా?" అంది. వాళ్ళ ఇంట్లో ఆ గుమ్మం తెరిస్తే ఎదురుగా మండువాలో ఎండ పడేదట. ఇక్కడ ఎదురుగా కిటికీ కూడా లేదు. చీకటిగా ఉంది.

"పడుతోంది నానమ్మా" అన్నాను. తాతయ్య నా వైపు చూశాడు. అబద్ధాలు ఎలా పుడతాయో ఆయనకి తెలుసు.

ఆవిడ మెట్ల మీద కూర్చుని మరచెంబు మూత విప్పింది. పొద్దున్నించీ ఎవరికీ గుక్కెడు కూడా పొయ్యని ఇంటి నీళ్ళు చేత్తో ఆ గడప మీద చల్లి, కొంగుతో ఈ చివర నుంచి ఆ చివరదాకా తుడిచింది. పెయింటు పోలేదు, దుమ్ము పోయింది. తుడుస్తున్నంతసేపూ చెయ్యే గడప మీద ఉంది. కాలు మాత్రం ఇవతలే ఉంది. కాపలా ఆవిడ లోపలికెళ్ళి, పిండి చేతిని కడుక్కుని, ఒక ప్లేటులో నాలుగు కజ్జికాయలు తెచ్చి ముందు నానమ్మకి ఇచ్చింది. నానమ్మ అనుమానించకుండా తింది. ఆ రోజు నన్ను అన్నిటికన్నా భయపెట్టింది అదే.

మొన్న మేనకోడలికి ఫోను చేసి, ఆ కుడి చిలకని దగ్గరగా ఫోటో తీసి పంపమన్నాను.

"ఎందుకత్తా? ఏంటి విషయం?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ అడగరు. నువ్వసలు అడగవు" అంది. మా వంశంలో ఈ గుణం ఎవరినీ వదిలిపెట్టలేదు. చివరికి పంపించింది. చిలకలకి బంగారు రంగు వేశారు. కుడి చిలక్కి ముక్కుంది, కొత్తగా, కొంచెం పెద్దదిగా. దాని కింద ఏముందో తెలియాలంటే పిన్నీసుతో గీకాలి. రిసార్టులో గీకనివ్వరు. అది ఆ గుమ్మం కాకపోవచ్చు కూడా. గోదావరి పొడుగునా చిలకలు చెక్కిన వడ్రంగి ఒక్కడే ఉండి ఉండడు. నాకెందుకో నమ్మాలనిపిస్తోంది, నమ్మాలనిపించినందుకు మళ్ళీ అనుమానంగా ఉంది. నానమ్మ కొంగులో ముడేసుకున్న లక్క ముక్క ఏమైందో కూడా తెలియదు. ఒకసారి అడిగితే, "ఏ ముక్క?" అంది.

మేనకోడలు పంపిన మొదటి ఫోటో మాత్రం తీసెయ్యలేదు. ఇల్లు లేదు, గోడల్లేవు, వెనకాల గోదావరి, మధ్యలో ఒక్క గుమ్మం. దాన్ని నేను అంతకుముందే ఒకసారి విన్నాను. తిరుగు ప్రయాణంలో, వ్యానులో.

పొద్దు వాలుతోంది. చేల మీద మళ్ళీ మంచు దిగుతోంది. బాబాయి ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనకాల తవుడు బస్తాల మీద మేం ముగ్గురం. నేను నానమ్మ ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాను. మరచెంబు ఖాళీగా దొర్లుతోంది. చాలా దూరం వచ్చాక తాతయ్య అన్నాడు:

"గట్టు తెగుతోంది, ఒకసారి వచ్చి చూసుకోమని కబురు పెట్టానక్కా. మూడుసార్లు."

"పెట్టావు."

"అందాయా?"

"అందాయి."

"మరి?"

"గడప తొక్కించడానికి ఎత్తు వేశావనుకున్నాను" అంది నానమ్మ.

తాతయ్య తల ఊపాడు. వంతెన వచ్చింది. దాటేదాకా ఆగాడు.

"పడవవాళ్ళు ముందు సింహద్వారమే ఊడదీస్తామన్నారు, బరువైంది ముందు వెళ్ళాలని. నేనే తియ్యనివ్వలేదు. దూలాలు విప్పాం. తలుపులు విప్పాం. వంటిల్లు జారిపోయింది, అమ్మ గది జారిపోయింది. ఆ గుమ్మం మాత్రం అలాగే నిలబెట్టి ఉంచాను, నువ్వొస్తే ఎటునుంచి వస్తావని. ఆఖరి పడవదాకా ఉంచాను. నువ్వు రాలేదు."